వెలిసిపోని పసుపు

నమోదు 1

సొంతంగా వస్తువులు చేసి పంచేవాళ్ళంతా ఇకమీదట పని చిట్టా రాయాలట. ఏం చేశాం, దేనితో చేశాం, ఎవరికిచ్చాం, అన్నీ రాసి సంక్షేమ కార్యాలయం తెరకు ఎక్కించాలట. దిగువ వీధులన్నీ కలిపి వెతికినా అలా చేసేది నేనొక్కదాన్నే. అంటే ఈ ఆజ్ఞ నా కోసమే రాశారన్న మాట. పేరు పెట్టి రాయడానికి సిగ్గేసిందేమో.

సరే, రాస్తాను. కోపం రాయకూడదని ఆజ్ఞలో ఎక్కడా లేదు కాబట్టి అదీ రాస్తాను.

పేరు కనకవ్వ. ఉండేది అడుగూరు, దిగువ మూడో వీధి. పంపుల బెల్టులకు అతుకులు వేసే పని చేసి, చేసి, మోకాళ్ళు అరిగాక మానేశాను. ఇప్పుడు తొండల గూళ్ళలోకి సామాను చేస్తున్నాను. గుహలు, నిచ్చెనలు, ఒళ్ళు కాచుకునే బండలు.

ఈ రోజు చేసింది ఎదురింటి భూలక్ష్మి తొండకు ఒక గుహ. కొత్త పంపు చుట్టూ వచ్చిన థర్మకోల్ ముక్కను పాత చెంచాతో తొలిచాను. పైన పల్చగా సిమెంటు పూసి, తడి ఆరకముందే ఇసుక చల్లాను. ఇసుక లేకపోతే తొండ గోళ్ళకు పట్టు దొరకదు. సిమెంటు ఆరగానే అయిపోయిందనుకోకూడదు. బకెట్లో నానబెట్టాలి, నీళ్ళు పారబోయాలి, మళ్ళీ నానబెట్టాలి. వేలు ముంచితే నీళ్ళు జిడ్డుగా జారుతున్నంత కాలం అందులో ఘాటు ఉన్నట్టే. గుహ లోపల తొండ వీపూ పొట్టా రెండూ గోడకు తగిలేంత ఇరుకుగా ఉండాలి. విశాలంగా చేస్తే దానికి భయం. ఇదంతా నాకు ఎవరూ నేర్పలేదు. ఇద్దరు ముగ్గురి తొండల మీద తప్పులు చేసి, తిట్లు తిని నేర్చుకున్నాను.

నిచ్చెనకు పాత బెల్టు ముక్క చాలు. గరుకు వైపు పైకి పెట్టాలి. బండకు పగిలిన నేల టైలు చాలు. ఇవన్నీ చెత్తలో దొరుకుతాయి. కార్యాలయం అమ్మే 'ఆదర్శ గూడు' కొనాలంటే మాత్రం పంపు కూలి నెల జీతం పోస్తే కానీ రాదు. దాని లోపల గుహ నున్నటి ప్లాస్టిక్. తొండ ఎక్కుతుంది, జారుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. ఆదర్శమంటే అదేనేమో.

ఇంటికో తొండ ఎందుకంటే బొద్దింకల వల్ల. పైన ఎండకు మనుషులు మాడిపోతున్నారని ఈ పాత బొగ్గుగనిలోకి దిగినప్పుడు అవీ మాతో దిగాయి. వైర్ల తొడుగులు కొరికి వీధులకు వీధులు చీకటి చేసేవి. మందు కొడదామంటే, ఇక్కడ తిరిగేది ఒక్కటే గాలి. కొట్టిన మందు మళ్ళీ మా ముక్కుల్లోకే వస్తుంది. అలా వచ్చాయి తొండలు. పైన ఉన్న రోజుల్లో పిల్లలు రాళ్ళు పెట్టి కొట్టేవారట వాటిని. ఇప్పుడు వాటికి పేర్లు పెట్టి, ఒళ్ళో కూర్చోబెట్టుకుంటున్నాం.

మా తొండ పేరు పటేలు. కొమ్మ మీద కూర్చుని, వచ్చినవాళ్ళ గోడు మొత్తం విన్నట్టు తల పంకిస్తాడు. విని చేసేదేమీ ఉండదు. అందుకే ఆ పేరు పెట్టాను.

సాయంత్రం భూలక్ష్మి వచ్చి గుహ చూసుకుంది. వాకిలి దగ్గర వేలితో తడిమి, చేతి సంచిలోంచి పసుపు తీసింది.

"ఏందే, తొండ ఇంటికి గూడనా?" అన్నాను.

"గడప అన్నంక పసుపు వెట్టొద్దా వదినె? గడప మనదైతే ఏంది, తొండదైతే ఏంది!"

మా వీధిలో అందరూ అంతే. శుక్రవారం ఇంటి గడపకు రాయగా మిగిలిన చిటికెడు తొండ గడపకు. గూళ్ళన్నీ వాకిట్లో, వీధి కప్పుకు బిగించిన ఎండ గొట్టాల కిందే, అంటే ఎండలా కాసే దీపాల కిందే ఉంటాయి. ఆ ఎండకు పసుపు వారం తిరిగేసరికి పాలిపోతుంది. మళ్ళీ శుక్రవారం, మళ్ళీ పసుపు.

నమోదు 2

శుక్రవారం. భూలక్ష్మి గుహ చంకలో పెట్టుకుని వీధంతా తిరిగి నా గొప్ప చాటింది.

"సూడుండ్రి, రాసి ఎన్ని దినాలైంది! ఇంత గూడ ఎల్సిపోలే. కనకవ్వ వదినె చెయ్యి మహిమ!"

మిగతావాళ్ళూ తమ గుహలు తెచ్చి చూపించారు. నిజమే, ఒక్కదానికీ రంగు తగ్గలేదు. ఇళ్ళ గడపల మీద కూడా, కాలు పడని అంచుల దగ్గర, నిన్న రాసినట్టే ఉంది. లచ్చిమి వీధిలో కుదురుకుని కూర్చుందని ఒకరన్నారు. పసుపు నిలిచినప్పుడు మళ్ళీ రాయడమెందుకు, తల్లిని కదిలించినట్టవుతుందని ఇంకొకరన్నారు. ఈ శుక్రవారం మా వీధిలో ఎవరూ గడపకు పసుపు రాయలేదు.

నేనేమన్నా తక్కువ తిన్నానా? సిమెంటు పైన ఈ మధ్య గంజి పూత పూస్తున్నాను కదా, దాని పనితనమే అనుకున్నాను. మరి ఇంటి గడపలకు గంజి ఎవరు పూశారు? ఆ ప్రశ్న వీధిలో ఉండగా తట్టలేదు, ఇప్పుడు రాస్తుంటే తట్టింది. పొగిడితే ఇంతే, ఉన్న బుర్ర కూడా పనిచేయదు.

సంక్షేమ అధికారి విద్యాధర్ గారికి ఒక మనవి. మీరు ఈ చిట్టా చదువుతుంటే, మీ ఆదర్శ గూడు ఒక దిక్కుమాలిన డబ్బా అని, దాన్ని చేసినవాడికి తొండంటే ఏమిటో తెలియదని, అమ్ముతున్న మీకు సిగ్గంటే ఏమిటో తెలియదని గమనించగలరు.

నమోదు 3

రెండు నెలలు గడిచాయి, విద్యాధర్ గారి నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. అంటే ఈ చిట్టా ఎవరూ చదవడం లేదు. రాయమనడం ఒకటే వాళ్ళ పని. మంచిదే. ఇక నుంచి హాయిగా రాసుకోవచ్చు.

పటేలుకు బాగాలేదు.

తల పంకించడం మానేశాడు. కొమ్మ చివరికెక్కి, గొట్టం వైపు మెడ చాచి, గంటలకు గంటలు అలాగే ఉంటున్నాడు. బొద్దింక పక్కనుంచి పోతున్నా నోరు తెరవడు. పొద్దున కొమ్మ మీంచి పడ్డాడు. వెనక కాళ్ళు వణుకుతున్నాయి.

నా మనవరాలు కిన్నెర వాడిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దానికి ఆరేళ్ళు. వాళ్ళమ్మ సుగుణ, నా బిడ్డ, పంపుల షిఫ్టులో ఉంటుంది కాబట్టి పగలంతా అది నాతోనే.

"అమ్మమ్మా, పటేలుకు గూడ కాళ్ళు గుంజుతున్నయేమో."

"గూడ ఏందే? ఇంకెవలికి గుంజుతున్నయి?"

"నాకు."

ఆడి ఆడి అలసిపోయి ఉంటుందని నూనె రాసి పడుకోబెట్టాను. ఎదిగే పిల్లలకు మామూలే అని నాకు నేనే చెప్పుకున్నాను. (తర్వాత చేర్చింది: ఈ మాట ఇప్పుడు చదువుకుంటే ఒళ్ళు మండుతోంది.)

నమోదు 4

ఈ రోజు ఏమీ చేయలేదు. చేసినవన్నీ పట్టుకుపోయారు.

మూడు వీధుల్లో తొండలు కూలబడుతున్నాయని కార్యాలయానికి తెలిసింది. విద్యాధర్ స్వయంగా దిగి వచ్చాడు. తెల్లచొక్కా, మెత్తటి గొంతు. ఇంటింటి వాకిట్లో గూళ్ళు తెరిచి చూసి, చివరికి నా దగ్గరికొచ్చాడు.

"కనకమ్మ గారూ, మీ శ్రమను మేము తక్కువ చేయడం లేదు. కానీ సిమెంటు, రబ్బరు, పైగా ఈ పసుపు... ఇవన్నీ ఆ మూగజీవాల ఒంట్లోకి పోతున్నాయి కదా? తొండలు పోతే బొద్దింకలు, బొద్దింకలొస్తే చీకటి. ఊరంతటి విషయమిది."

"నా పేరు కనకవ్వ సారూ. నా సామాను వచ్చి ఏండ్లయింది. అప్పుడు సావని తొండలు ఇప్పుడెందుకు సస్తున్నయి?"

"పరీక్షలో తేలుతుంది."

"ఏం పరీక్ష? ఎవలు జేస్తరు?"

"అది మేము చూసుకుంటామమ్మా."

చూసుకుంటారట! మనుషులు బండి తెచ్చి గుహలు, నిచ్చెనలు, బండలు అన్నీ ఎత్తారు. తొండలను అట్టపెట్టెల్లో పడేసి పోయారు. గూళ్ళు కావాలంటే ఆదర్శ గూడు వాయిదాల మీద ఇస్తారట. ఇదండీ పరీక్ష.

పటేలు గుహను కూడా తీశారు. అది థర్మకోల్ కాదు, మా ఆయన గట్టి గని టోపీ. ఓదెలు ఈ వీధి కప్పు కింద దుంగలు నిలబెట్టే పనిలో ఉండేవాడు. ఒక రోజు కప్పు దిగి మీద పడింది. ఆయన దొరకలేదు, టోపీ దొరికింది. దాన్ని మేకుకు తగిలించి దండ వేయడం నాకు నచ్చలేదు. ఒక పక్క వాకిలిలా కోసి, అంచు నున్నగా రుద్ది, పటేలుకు ఇల్లు చేశాను. ఆయన కట్టిన కప్పుల కింద ఊరంతా ఉంటోంది, ఆయన టోపీ కింద తొండైనా సుఖంగా ఉంటుందనుకున్నాను.

"అది నా పెనిమిటిది. ముట్టొద్దు," అన్నాను.

"దీనికి కూడా పసుపు ఉంది కదమ్మా," అని విద్యాధర్ తన చేత్తోనే బండిలో వేశాడు.

ఆ చేయి విరిచేయాలనిపించింది. కిన్నెర నా కొంగు పట్టుకుని ఉంది కాబట్టి విరవలేదు.

నమోదు 5

భూలక్ష్మి అప్పు చేసి ఆదర్శ గూడు కొనుక్కుంది. నా మొహం చూడటానికి మొహమాటపడి, తలుపు ఓరగా తెరిచి తెచ్చుకుంది. నాకు కోపమేమీ లేదు. లేదని రాస్తున్నానంటే ఉందనే అర్థం.

నాలుగు రోజులు కూడా కాలేదు, ఆ నున్నటి గుహలోనే దాని తొండ చచ్చిపోయింది. కొత్త గూటికి పసుపు కూడా రాయలేదు, కార్యాలయం వద్దన్నదని. మరి దేని వల్ల పోయింది? అడిగితే పాత విషం ఒంట్లో మిగిలి ఉంటుందన్నారట. వీళ్ళ నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదు.

పటేలును చీరచెంగులో చుట్టుకుని డాక్టర్ షాహీన్ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె పిల్లల డాక్టరు. తొండలను చూడటం ఆమె పని కాదు. అయినా కిన్నెర వెంట వచ్చి ఏడుస్తుంటే కాదనలేకపోయింది. రెండు వేళ్ళతో పటేలు దవడ పట్టుకుంది.

"ఇట్ల పట్టుకొని చూడండమ్మా. రబ్బరు లెక్క వంగుతుంది. ఎముకలల్ల సున్నం లేదు."

"సున్నం నేను ఎయ్యనా? గుడ్డు పెంకులు దంచి బొద్దింకలకు అద్ది పెడుతున్న."

"తింటే సరిపోదమ్మా. ఒంటికి ఎండ తగలకుంటే తిన్న సున్నం ఎముకకు పట్టది."

"ఎండ గొట్టాలు పొద్దంత ఎలుగుతనే ఉన్నయి గద?"

ఆమె తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది.

"ఎలుగుతున్నయి. వేడి గూడ ఉన్నది. కాని ఎముకకు కావల్సిన ఎండ కంటికి కనవడదు. అది ఉన్నదా లేదా చెప్పే మీటరు ఆఫీసుల ఒక్కటే ఉంది. నేను అడిగిన. అన్నీ మంచిగనే ఉన్నయని కాగితం పంపిన్రు."

"నీకెందుకు అనుమానం రావాలె? నువ్వు తొండల డాక్టరువి కావు గద?"

షాహీన్ కిన్నెరను పిలిచింది. "బేటా, ఆ గోడ దాక నడిచి రా." కిన్నెర నడిచింది. నేను రోజూ చూసే నడకే. డాక్టరు పక్కన నిలబడి చూస్తే వేరేగా కనిపించింది. పాదాలు కలిపి నిలబడినా దాని మోకాళ్ళు కలవడం లేదు. మధ్యలోంచి నా పిడికిలి దూరుతుంది.

"ఈ నెలల ఇట్ల వచ్చిన పిల్లలు చానామంది ఉన్నరమ్మా. అన్నీ దిగువ వీధులే."

"తెల్సి గూడ నోరు మూసుకున్నవా?"

"మీటరు లేకుంట ఏం చెప్పాలె? పోయినసారి గట్టిగ అడిగిన నర్సును తీసేసిన్రు. నేను గూడ పోతే ఈ పిల్లలను చూసేటోళ్ళు ఎవరు?"

ఆమె మీద కూడా అరిచేశాను. ఆమె తలవంచుకుని కిన్నెర మణికట్టు చూస్తూ కూర్చుంది. మణికట్టు ఎముక ఉబ్బి ఉంది. దవాఖాన మెట్లు దిగేటప్పుడు కిన్నెర ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టి దిగింది. ఇది ఎప్పటి నుంచి ఇలా దిగుతోంది? నా కళ్ళు ఎక్కడ పెట్టుకున్నాను?

నమోదు 6

పటేలు పోయాడు. కిన్నెర ఒళ్ళోనే పోయాడు. చివరిసారి తల పైకెత్తి, కిందికి దించాడు. పంకించాడని కిన్నెర అంటుంది. నేను కాదనలేదు.

కూరలు పండించే తోటగది మట్టిలో పాతిపెట్టాం. టోపీ లేదని కిన్నెర ఏడ్చింది. "పటేలు ఇల్లు తెచ్చియ్యి అమ్మమ్మా" అని ఒకటే పట్టు. తెస్తానన్నాను. తొండ పోయిందని దానికింత ఏడుపు. దాని కాళ్ళు పోతాయేమోనని నాకు. ఆ ఏడుపు దాని ముందు ఏడవలేను, ఎవరి మీద అరవాలో కూడా తెలియదు. సుగుణకు చెప్తే పంపుగది గోడకు తల కొట్టుకుంది.

కార్యాలయం నుంచి పిలుపు వచ్చింది. విచారణకు పై వీధికి రావాలట. వస్తాను. టోపీ కోసం వస్తాను.

నమోదు 7

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పై వీధి అధికారుల వీధి. మాకు అక్కడ పనేమీ ఉండదు. పంపుల్లో ఉన్నప్పుడు కూడా నేను నాలుగైదు సార్లకు మించి ఎక్కలేదు. కార్యాలయం వరండాలో కూర్చోమన్నారు. కూర్చున్నాను. ఎదురుగా గోడవారన మా సామానంతా కుప్ప పోసి ఉంది. పరీక్షకని తెచ్చిన సామాను తెచ్చినచోటే పడి ఉంది, ఒక్కదానికి గీత కూడా పడలేదు. ఇవేనా వీళ్ళ పరీక్షలు అని మొదట మండింది.

ఆ తర్వాత చూశాను. గుహల గడపలు తెల్లగా ఉన్నాయి.

లేచి దగ్గరికి పోయాను. భూలక్ష్మి గుహ, వీధి చివరి ఇంటి గుహ, ఓదెలు టోపీ. పైవరసలో ఉన్నవాటన్నిటికీ పసుపు పాలిపోయింది. మా వీధి నుంచి ఎత్తుకుపోయిన రోజున నిగనిగలాడుతున్న పసుపది. కింద ఉన్న ఒక గుహను బయటికి లాగాను. పైదాని నీడ పడ్డచోట పచ్చగా ఉంది, పడనిచోట తెల్లగా ఉంది.

తలెత్తి పైకి చూశాను. వరండా కప్పుకు ఎండ గొట్టాలు. మావి కూడా ఇలాగే వెలుగుతాయి, ఇంతే తెలుపు. కంటికి ఏ తేడా లేదు.

అప్పుడు తెలిసింది, మా వీధిలో లచ్చిమి ఎందుకు కుదురుకుందో. మా గొట్టాల్లో ఎండ లేదు. ఉన్న ఎండంతా ఇక్కడికి తెచ్చి పెట్టుకున్నారు. పసుపు నిలిచిందని మేం సంబరపడ్డాం. అది పిల్లల ఎముకలు మెత్తబడుతున్న కబురని ఒక్కరికీ తోచలేదు. రాసిన పసుపు పాలిపోతుంటే విసుక్కున్నవాళ్ళం, నిలిచిపోతే దండం పెట్టాం.

లోపల విద్యాధర్ గది కిటికీలో ఆదర్శ గూడు ఉంది. అందులో తొండ గొంతు ఎర్రగా, దర్జాగా తల పంకిస్తోంది. అతని కొడుకు, కిన్నెర వయసువాడే, గదంతా పరుగులు తీస్తున్నాడు. వాడి మోకాళ్ళు చూశాను. చక్కగా ఉన్నాయి. వాడి మీద నాకు కోపం రాలేదు. ఎముకలు బాగుండటం ఏ పిల్లవాడి తప్పూ కాదు.

గొంతు చించుకుని అరవాలని నోటిదాకా వచ్చింది. నా సంగతి నాకు తెలుసు, నోరు తెరిస్తే ఆపుకోలేను. అరిస్తే ఏమవుతుంది? బయటికి గెంటుతారు. మర్నాటికి ఈ కుప్ప ఇక్కడ ఉండదు. ఆ తర్వాత నేనెంత చెప్పినా ముసలిదానికి పిచ్చెక్కిందంటారు.

అందుకని పళ్ళు బిగించాను.

"కనకమ్మ గారూ, ఈ కాగితం మీద ఉన్నది పైకి చదివి సంతకం పెడితే విచారణ ముగిసినట్టే," అన్నాడు విద్యాధర్.

నేను చేసిన నాసిరకం సామాను వల్ల తొండలు చనిపోయాయని, ఇకమీదట చేయనని ఉంది అందులో. చదివాను. సంతకం పెట్టాను.

"సారూ, నా పెనిమిటి టోపీ ఒక్కటి ఇప్పించుండ్రి. ఇంక దాన్ల తొండను పెట్ట. మా తొండ సచ్చిపోయింది."

నా జన్మలో ఎవరితోనూ అంత మెత్తగా మాట్లాడలేదు. మా అత్తతో కూడా. అతను జాలిగా చూసి, "తీసుకెళ్ళమ్మా. శుభ్రంగా కడుక్కోండి," అన్నాడు.

కడగలేదు. చెంగు కప్పి, పొట్టకు ఆనించి పట్టుకుని దిగాను. కప్పు దిగిన రోజున దాన్ని ఎలా మోశానో, అలాగే.

నమోదు 8

వీధి మొదట్లోనే భూలక్ష్మిని పిలిచాను. మాట్లాడకుండా మా గడప చివర, కాలు పడనిచోట, టోపీని పెట్టాను. గడపకూ టోపీకీ ఒకే శుక్రవారం, ఒకే గిన్నెలో కలిపిన పసుపు రాశాను. భూలక్ష్మి పక్కనే ఉంది ఆ రోజు. గడప పచ్చగా ఉంది. టోపీ తెల్లబోయి ఉంది.

ఆమె టోపీని చూసింది, గడపను చూసింది, తల వెనక్కి వంచి మా ఎండ గొట్టాలను చూసింది.

"ఇదెక్కడ పెట్టిన్రు వదినె?"

"పై వీధిల. ఆఫీసు వరండల."

"అంటే... మన ఎండ..."

ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. వీధి ఆడవాళ్ళంతా వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఇంటికి పోయి, పిల్లలను గోడకు నిలబెట్టి, మోకాళ్ళు కలుస్తున్నాయో లేదో చూసుకున్నారు. ఒక ఇంట్లోంచి ఏడుపు వినిపించింది, ఆ తర్వాత ఇంకో ఇంట్లోంచి. భూలక్ష్మి కొడుక్కీ అంతే. తొండ గూటికి అప్పు చేసింది కదా, ఆ డబ్బా ఎత్తి వీధిలో నేలకేసి కొట్టింది.

అందరం పై వీధికి ఎక్కాం. చంకల్లో పిల్లలు, అట్టపెట్టెల్లో బతికున్న తొండలు, ముందు నేను, నా చేతిలో ఓదెలు టోపీ. వరండాలో కుప్ప ఇంకా అక్కడే ఉంది. ఎవరి గుహ వాళ్ళు గుర్తుపట్టి తీసుకున్నారు. షాహీన్ కూడా వచ్చింది, ఎవరూ పిలవకుండానే. తాను చూసిన పిల్లల పేర్లన్నీ గట్టిగా, ఒక్కొక్కటే చదివింది.

విద్యాధర్ మొదట మీటరు లెక్కలన్నాడు. భూలక్ష్మి తన గుహను అతని మొహం ముందు పెట్టింది. ఇక అతను కుర్చీలో కూలబడ్డాడు.

"గొట్టాలు చేసే చోటే మూతపడిందమ్మా. కొత్తవి రావు. పాతబడినవి వెలుగిస్తాయి కానీ ఎండనివ్వవు. ఉన్న మంచివి ఒక్క వీధికే సరిపోతాయి. ఈ మాట చెబితే ఊరు తగలబడుతుంది. ఎవరికో ఒకరికి..."

"ఆ ఒకరు మీ ఇంట్లనే ఉండాల్నా?" అన్నాను. దాచుకున్న అరుపంతా అప్పుడు అరిచాను. "లేదని చెప్తే పంచుకునేటోళ్ళం గదరా! ఉన్నదాన్ని తలా ఇంత తినుడు మాకు రాదా? అన్నం తక్కువైననాడు పంచుకోలేదా? గాలి తక్కువైననాడు పంచుకోలేదా? మా పిల్లల బొక్కలు మెత్తవడ్తుంటే, పసుపు మీద, నా చేతి మీద నింద ఏస్తవా? నా మొగని టోపీని బండిల ఎత్తేస్తవా?"

సుగుణ పంపుల షిఫ్టు బట్టల్లోనే వచ్చింది, వెనక షిఫ్టు మొత్తం ఉంది. నా బిడ్డ నాలా అరవదు. నెమ్మదిగా అంది.

"పొద్దుగూకే లోపల గొట్టాలు దిగాలె సారూ. లేకుంటే పై వీధికి నీళ్ళెక్కయి."

దిగాయి. మా చేతులతోనే దించాం.

నమోదు 9

గొట్టాలు ఇప్పుడు బడి హాల్లో ఉన్నాయి. అన్నీ ఒక్కచోటే బిగించాం. ఒక్కో వీధి పిల్లలు వంతుల వారీగా వచ్చి, చొక్కాలు విప్పి, వాటి కింద కూర్చుని పాఠాలు చదువుతారు. పక్కన వరసగా తొండల గూళ్ళు. గుహలన్నీ నేను చేసినవే. చేయనని సంతకం పెట్టాను కదా అని ఎవరో గుర్తుచేశారు. ఆ కాగితాన్ని ఎక్కడ పెట్టుకోవాలో వాళ్ళకు చెప్పాను, ఇక్కడ రాయను.

విద్యాధర్ కొడుకు కూడా వంతులో కూర్చుంటాడు. వాడిని పంపించేయాలని కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. తండ్రిని మాత్రం ఈ జన్మలో క్షమించను. అతనిప్పుడు కార్యాలయంలో లేడు, తోటగదుల్లో మట్టి మోస్తున్నాడు. ఎదురైతే నేను పక్కకు తప్పుకోను, అతనే తప్పుకుంటాడు.

కిన్నెర కాళ్ళ సంగతి షాహీన్ తేల్చి చెప్పదు. చిన్న వయసు కాబట్టి చక్కబడొచ్చంటుంది, చక్కబడకపోవచ్చని కూడా అంటుంది. పెద్ద పిల్లలు కొందరికి ఇక అంతేనట. గొట్టాలు ఎన్నాళ్ళు వెలుగుతాయో కూడా ఎవరికీ తెలియదు. కానీ ఆరిన రోజున అందరికీ ఒకేసారి తెలుస్తుంది. ఒక వీధికి తెలిసి ఇంకో వీధికి తెలియకపోవడం ఉండదు.

ఓదెలు టోపీని హాలు గోడకు, గొట్టాల కింద పెట్టాం. అందులో తొండ లేదు. శుక్రవారం దాని గడపకు పసుపు రాస్తాం, అంతే. మీటరు ఎవరి బీరువాలోనో ఉండక్కర్లేదు. కళ్ళున్న ప్రతి పిల్లా చూసుకుంటుంది.

ఈ పొద్దున కిన్నెర హాలు నుంచి నా దగ్గరికి వచ్చింది. పరుగెత్తలేదు, ఊగుతూ నడుచుకుంటూ వచ్చింది, కానీ తొందరగా వచ్చింది.

"అమ్మమ్మా, తాత టోపీ మీద పసుపు మొత్తం పోయింది!"

దాన్ని ఎత్తుకుని ఏడ్చాను. ఎందుకేడుస్తున్నావని అది నా మొహం తుడిచింది.

"పోనియ్ బిడ్డా," అన్నాను. "మల్ల రాద్దాం."